పది నిమిషాలు మాట్లాడాలి

కట్టుడు పళ్ళు చేసే ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. సెట్టు నోట్లో పెట్టుకుని, అద్దంలో ఒకసారి ఇకిలించి, బాగుందనేసి లేచిపోతానంటే కుదరదు. ఆ కుర్చీలోనే కూర్చుని పది నిమిషాలు గట్టిగా మాట్లాడాలి. ఏం మాట్లాడతావన్నది నీ ఇష్టం. కోడలి మీద చాడీలు చెప్పుకో, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకో. ఏమీ తోచని వాళ్ళకి ఆ రోజు పేపరు చేతికిచ్చి, మొదటి పేజీ పైకి చదవమనేవాడు ఆయన. వాళ్ళు చదువుతుంటే తను కళ్ళు మూసుకుని వినేవాడు. వార్తలు వింటున్నాడనుకునేరు! పళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయా, సందులోంచి గాలి ఈల వేస్తోందా, పై సెట్టు జారుతోందా, అదీ ఆయన వినేది. యుద్ధాలొచ్చాయి, వరదలొచ్చాయి, మంత్రులు పడిపోయారు. అన్నీ ఆ కుర్చీలోంచే ఆయన చెవిన పడ్డాయి, ఒక్కటీ బుర్రకెక్కలేదు.

ఆయన్ని అందరూ పళ్ళాయన అంటారు. అంతకు ముందు వాళ్ళ నాన్నని అన్నారు, అంతకన్నా ముందు తాతని అన్నారు. దుకాణం ముందు బస్సు ఆగే చోటుకు కూడా జనం నోట అదే పేరు పడిపోయింది. కొత్తవాళ్ళు సంచీ పట్టుకుని దిగి, కిలో ఎంత అని అడిగేవాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళకి ఆయన విసుక్కోకుండా మార్కెట్‌కు దారి చెప్పి పంపేవాడు.

దుకాణం గోడ నిండా అరలు. అరల నిండా నోళ్ళు. అంటే, ప్లాస్టరుతో పోసిన అచ్చులన్నమాట. ఎవరికి పళ్ళు కట్టినా ఒకటికి రెండు అచ్చులు పోసి, ఒకదాని కింద పెన్సిల్‌తో పేరూ తారీఖూ రాసి దాచేవాడు. సెట్టు విరిగినా, పోగొట్టుకున్నా మళ్ళీ మొదటినుంచీ నోరు తెరిపించి కొలత తీయక్కర్లేదు. ఒకాయన తుమ్మి, బస్సు కిటికీలోంచి పై సెట్టు రోడ్డు మీదికి వదిలేశాడు. ఆ అచ్చు పుణ్యమా అని మూడో రోజుకల్లా కొత్తది పెట్టుకుని తిరిగాడు. తాతా నాన్నా పోసినవీ ఇంకా అక్కడే ఉన్నాయి. ఆ మనుషులు పోయినా వాళ్ళ అచ్చులు పారేయడానికి పళ్ళాయనకి చేతులు రాలేదు.

ఎన్నికల ఫలితాలు గురువారం వచ్చాయి. పళ్ళాయన ఓటు వేసిన గుర్తు చిత్తుగా ఓడిపోయింది. అదొక్కటే అయితే ఆయన పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ఆయన ఓటు వేసినవాళ్ళు గెలిచిన సందర్భాలు అంతకు ముందూ తక్కువే. కానీ గెలిచినవాళ్ళు ఊరూరా తిరిగి ఒక మాట చెప్పారు. బయటినుంచి వచ్చి చేరినవాళ్ళ లెక్క తేలుస్తామన్నారు, వాళ్ళ పిల్లలదీ, పిల్లల పిల్లలదీ కూడా. పళ్ళాయన తాత ఎప్పుడో కుర్రతనంలో నాలుగు పట్టుకార్లు గుడ్డలో చుట్టుకుని సరిహద్దు దాటి వచ్చినవాడు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎప్పుడూ దాన్నొక సంగతి అనుకోలేదు.

పళ్ళాయన భార్య బడిలో భూగోళం చెబుతుంది. గోడకు మ్యాపు తగిలించి, కర్రతో చూపించి, ఏ గీత ఎప్పుడు ఎలా మారిందో పిల్లలకు చెప్పే మనిషి. అందుకే ఆవిడకి మొగుడికన్నా ముందే గుబులు మొదలైంది. ఆవిడ చెల్లెలు వేరే దేశంలో ఉంటుంది. చెల్లెలి మొగుడు, అంటే పళ్ళాయన తోడల్లుడు, అక్కడ పళ్ళు తయారుచేసే ఒక పెద్ద ల్యాబులో మాట్లాడి పెట్టాడు. చేతిపని తెలిసినవాళ్ళు వాళ్ళకి కావాలట. కుటుంబమంతటికీ కాగితాలు వాళ్ళే చూసుకుంటారట. వచ్చే శుక్రవారంలోగా అవునో కాదో రాయమన్నారు.

గురువారం సాయంత్రం నుంచీ ఆవిడ అదే పాట. కంచం ముందు కూర్చున్నా అదే, బట్టలు మడత పెడుతున్నా అదే. పిల్ల చదువు అక్కడ బాగుంటుందంది. ఇక్కడ రేపేమవుతుందో ఎవరికి తెలుసంది. ఆయన అన్నిటికీ కలిపి ఒకటే మాట అనేవాడు, చూద్దాం అని. ఆయన చూద్దాం అన్నాడంటే ఆ పని జరగదని అర్థం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ మాటకి ఇంకో అర్థం ఆవిడ ఎరగదు. వంటింటికి కొత్త కిటికీ పెట్టిద్దామంటే ఇప్పటికి పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

పదిహేడేళ్ళ కూతురు మాత్రం ఇద్దరి మధ్యా దూరలేదు. మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి, అట్టపెట్టెలు తెచ్చే పని నాది అంది. తల్లి కసిరింది. తండ్రి నవ్వాడు గానీ, ఆ నవ్వులో పస లేదు.

నిజానికి ఆయనకి వెళ్ళాలని లేదు. దుకాణం వెనక గదిలో పుట్టిన మనిషి. తలుపు దగ్గర నేల మీద రాయి ఎక్కడ కదులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎన్నికలప్పుడు ఎన్ని అనరు, గెలిచాక ఎన్ని మరిచిపోరు అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఆదివారం దాకా ఆ సర్దుబాటు బాగానే పనిచేసింది.

సోమవారం పొద్దున్న డ్రైవర్ బాబాయ్ వచ్చాడు.

ఈ బాబాయ్ ఎదురింటి మేడమీద ఉంటాడు. ముప్పైనాలుగేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. చుట్టరికమేమీ లేదు, పళ్ళాయన చిన్నప్పటినుంచీ అలా పిలవడం అలవాటు. మనిషి మంచివాడు, గొంతు పెద్దది. గెలిచిన పార్టీకి వీరాభిమాని. ఫలితాలు రాగానే మేడమీద రెండు గజాల జెండా కట్టి, నోట్లో ఒక్క పన్ను లేకపోయినా వీధంతా తిరిగి బిస్కెట్లు పంచాడు. పళ్ళాయన ఇంటికీ వచ్చి ఒక పొట్లం ఇచ్చి వెళ్ళాడు. పళ్ళాయన భార్య తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది, ఎవరూ విప్పలేదు.

బాబాయ్ పళ్ళన్నీ పీకించుకుని మూడు నెలలైంది. కొలతలూ, మైనం మీద పళ్ళు అమర్చి చూసుకోవడమూ ఎన్నికల ముందే అయిపోయాయి. ఆ రోజు అసలు సెట్టు పెట్టే రోజు. పళ్ళాయన కింద సెట్టూ పై సెట్టూ నోట్లో కూర్చోబెట్టి, మధ్యలో సన్నటి నీలం కాగితం పెట్టి కొరకమన్నాడు. ఏ పంటి మీద నీలం మరీ ముదురుగా అంటితే అది ఎత్తుగా ఉన్నట్టు. తీసి, ఆ చుక్క దగ్గర కాస్త సాన పట్టి, కడిగి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కొరుకు, మళ్ళీ సాన. అలా అయిదుసార్లయ్యాక నీలం అన్ని పళ్ళ మీదా సమానంగా పడింది. ఇంతసేపూ బాబాయ్ మాట్లాడటానికి వీల్లేకపోవడం దుకాణం చరిత్రలోనే ఒక వింత.

ఇక పది నిమిషాలు. మామూలుగా అయితే బాబాయ్‌కి పేపరు అక్కర్లేదు, కావలసినన్ని కబుర్లున్నాయి. కానీ ఆ రోజు ఆయనే కావాలని పేపరందుకున్నాడు. మనవాళ్ళు పని మొదలెట్టారటగా, చదివి వినిపిస్తానుండు అన్నాడు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, కొత్త పళ్ళతో, బస్సులో వెనక సీటు దాకా వినపడేంత గొంతుతో మొదలుపెట్టాడు. పళ్ళాయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

కొత్త ప్రభుత్వం మొదటి ఉత్తర్వు అది. ఫలానా సంవత్సరం తరువాత దేశంలోకి వచ్చినవారి పిల్లలు, మనవలు ఆరు నెలల్లోగా పేరు నమోదు చేయించుకోవాలి. వాళ్ళు ఇక్కడివాళ్ళేనని, నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్న ముగ్గురు సాక్షులు సంతకాలు చేయాలి. సంతకాలు లేనివారు దుకాణం గానీ, ప్రభుత్వోద్యోగం గానీ కొనసాగించడానికి వీలుండదు. బాబాయ్ ఒక్కొక్క మాటా విరిచి విరిచి చదివాడు. ఎక్కడా టకటక లేదు, ఈల లేదు, జారడం లేదు. ఈ పని చేస్తున్న ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి పళ్ళాయనకి పళ్ళ చప్పుడు కాకుండా వార్త వినపడింది.

దుకాణం అన్న మాట దగ్గర బాబాయ్ గొంతు నెమ్మదించింది. తరువాతి వాక్యం మనసులోనే చదువుకున్నట్టున్నాడు. పేపరు మోకాళ్ళ మీద పెట్టి పళ్ళాయనకేసి చూశాడు.

"ఒరే అబ్బాయ్, మీ తాత ఏ సంవత్సరంలో వచ్చాడు?"

"ఆ సంవత్సరం తరువాతే, బాబాయ్."

పళ్ళాయన తాత తెలియని మనిషా బాబాయ్! ఆరేళ్ళప్పుడు ఆయన మొదటి పాలపన్ను పీకింది ఆ తాతే. ఏడవకుండా ఉంటే చేతిలో పెడతానని ఆశ చూపించి, నిజంగానే ఆ పన్ను కడిగి చేతిలో పెట్టాడట. ఆ కథ బాబాయ్ వీధిలో కనీసం వందమందికి చెప్పి ఉంటాడు.

"నీ మీదికొస్తుందనుకోలేదురా. వాళ్ళ గురించనుకున్నాను."

"వాళ్ళంటే ఎవరు బాబాయ్?"

బాబాయ్ పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. తరువాత ఒక్కసారిగా తేరుకుని, పళ్ళాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేయడంలో కపటమేమీ లేదు, ఆ మనిషి ప్రేమంతా ఉంది.

"నువ్వేం బెంగపడకు. ముగ్గురేగా కావాలి? నేను పెడతాను సంతకం. మా తమ్ముడు పెడతాడు. బావమరిది పెట్టనంటే మెడ పట్టుకుని లాక్కొస్తాను. నేనుండగా నిన్నెవరు కదిలిస్తారు?"

పళ్ళాయన సరే బాబాయ్ అన్నాడు. ఆరు వారాలాగి చిగుళ్ళు సర్దుకున్నాక మళ్ళీ రమ్మన్నాడు. పడుకునేటప్పుడు తీసి నీళ్ళలో వేయమన్నాడు, మొదటి వారం గట్టివి కొరకవద్దన్నాడు. అందరికీ చెప్పేవే. బాబాయ్ రోడ్డు దాటి మెట్లెక్కుతుంటే, పైన ఆ జెండా కింద తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాడు.

కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపానికైతే ఒక దారుంటుంది, తలుపు వేసుకుని నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. ఆయనకి వచ్చింది కోపం కాదు, సిగ్గు. యాభై ఒక్క ఏళ్ళ మనిషికి, తను పుట్టిన గదికి అయిదడుగుల దూరంలో నిలబడి ఉండగా, ఇక్కడ ఉండొచ్చో లేదో ఇంకొకాయన సంతకం పెట్టి చెప్పాలి. ఆ ఇంకొకాయన చెడ్డవాడు కాదు, అదే అసలు బాధ. సంతోషంగా పెడతాడు. రేపటినుంచీ ఎదురుపడినప్పుడల్లా ఇద్దరికీ అది గుర్తొస్తుంది. బాబాయ్ జెండా గురించి ఏమన్నా తను నవ్వాలి. సెట్టు ఎక్కడైనా గుచ్చుకుంటోందంటే చేస్తున్న పని వదిలేసి పరుగెత్తాలి. ఆయన అడగడు, అయినా తను పరుగెడతాడు. తన కూతురికి పెళ్ళీడు వచ్చాక, దానికి పిల్లలు పుట్టాక, వాళ్ళు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో? ఆ ఆలోచన వచ్చాక ఆయన చేతిలో సాన యంత్రం ఆపి పక్కన పెట్టేశాడు. ఆ రోజు ఇంకే పనీ చేయలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆయన చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ చెల్లెలికి రాసెయ్యి, వస్తున్నామని."

ఆవిడ ఎర్ర పెన్ను అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆయన ముఖంలోకి చూసింది, ఎక్కడైనా ఆ 'చూద్దాం' దాక్కుందేమోనని. లేదు. పెన్నుకు మూత పెట్టింది.

"నిజంగానే అంటున్నారా?"

"నిజంగానే. వెళ్దామన్నది నువ్వే కదా?"

"అన్నాను. మీరెలాగూ వద్దంటారన్న ధైర్యంతో అన్నాను."

అని, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. గురువారం నుంచీ ఆవిడ నసపెట్టిందంతా గట్టి గోడను తోస్తున్నాననుకునే. అది కదలదు కదా అన్న నిశ్చింతతోనే తోసింది. ఆవిడకి బడి ఉంది, తొమ్మిదో తరగతి పిల్లలున్నారు, నెలకోసారి కలిసే స్నేహితురాళ్ళున్నారు. వదిలేసి వెళ్ళగలనని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. భయం పైకి అనేస్తే కాస్త తేలికవుతుందని అంటూ వచ్చిందంతే.

ఆయన పొద్దున జరిగింది చెప్పాడు. ఉత్తర్వు గురించి చెబుతుంటే ఆవిడ తలూపింది, బడిలో మాస్టార్లు అప్పటికే చెప్పుకున్నారట. సంతకం గురించి చెప్పినప్పుడు మాత్రం తల ఊపడం ఆగిపోయింది. బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాడని చెప్పినప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ఇక కారణమేమిటని అడగలేదు. లేచి ముఖం కడుక్కుని వచ్చి, దిద్దాల్సిన పేపర్లు పక్కకు జరిపి, చెల్లెలికి జవాబు రాసింది. నాలుగు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. కూతురు తలుపు దగ్గర నిలబడి అంతా విని, అట్టపెట్టెల మాటెత్తకుండా వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

ఆ తరువాత ఆరు వారాలు అచ్చుల పనే సరిపోయింది. పళ్ళాయన ఒక్కొక్కటీ దించి, దుమ్ము తుడిచి, కాగితంలో చుట్టి, ఎవరివి వాళ్ళకి చేరవేశాడు. కొన్ని తనే ఇళ్ళకు తీసుకెళ్ళాడు, కొన్నిటికి మనుషులే వచ్చారు. ఇదేం చేసుకోమంటావయ్యా అని కొందరు నవ్వారు. ఒక ముసలావిడ తన నోటి అచ్చు చూసుకుని, ఇంత చిన్న నోరుతోనా మా ఆయన్ని అన్ని మాటలన్నాను అని ఆశ్చర్యపోయింది. వెళ్ళొద్దని చాలామంది అన్నారు. మంచిపని చేస్తున్నావని గొంతు తగ్గించి అన్నవాళ్ళూ ఉన్నారు. తాతా నాన్నా పోసిన పాతవాటిలో చాలావాటికి తీసుకునేవాళ్ళు లేరు. వాటిని వెనక గదిలో గోడవారన వరసగా పేర్చి, తలుపు దగ్గరగా వేశాడు. అప్పుడు మాత్రం దుఃఖం ఆగలేదు, అక్కడే కూర్చుని ఏడ్చాడు.

చెప్పిన రోజుకి చెప్పినట్టు డ్రైవర్ బాబాయ్ వచ్చాడు. మేడమీద జెండా తీసేశాడా అంటే, తీయలేదు. అంత సుఖంగా మనుషులు మారిపోతే ఇక ఇబ్బందేముంది? ఎండకూ వానకూ రంగు వెలిసి అక్కడే ఉంది. ఆయన మాత్రం ఖాళీ అరల వంక చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. సాక్షుల కాగితం. మూడు సంతకాలూ ఉన్నాయి. మూడోది బావమరిదిది, కోపంగా పెట్టినట్టు కాగితం చిరిగేలా ఉంది.

"వెళ్తున్నావని తెలుసు. అయినా మాటిచ్చాను కదా, తెచ్చాను."

పళ్ళాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, మడత విప్పి మొత్తం చదివి, మళ్ళీ అలాగే మడిచి జేబులో పెట్టుకున్నాడు. అరల్లో మిగిలిన ఒకే ఒక్క అచ్చు బాబాయ్‌దే, అది తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు. ఎక్కడికెళ్ళినా ఇది చూపిస్తే చేసిస్తారని, పారేయవద్దని చెప్పాడు. బాబాయ్ దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. నీలం కాగితం కొరికాడు. ఒక చోట కొంచెం ఎత్తుంది, పళ్ళాయన సాన పట్టాడు. ఇంకోసారి కొరికిస్తే సరిగ్గా ఉంది.

ఇక పది నిమిషాలు మాట్లాడాలి. పేపరు వేయించుకోవడం మానేసి నెలైంది. ఉన్నా బాబాయ్ చదివేవాడు కాదేమో. ఏం మాట్లాడనురా అని అడిగాడు. ఆయన నోట ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"మీ రూటు చెప్పండి బాబాయ్. డిపో దగ్గర్నించి."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. పళ్ళాయన కళ్ళు మూసుకున్నాడు. డిపో అన్నాడు బాబాయ్, రైల్వే గేటన్నాడు. పిండిమర, పెద్దాసుపత్రి, ఆడపిల్లల బడి. మొదట మెల్లగా మొదలైన గొంతు బడి దాటేసరికి పాత గొంతైంది. కోర్టు దగ్గర జనం దిగడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగాడు కూడా. పాత వంతెన. చెక్కల అడితి. పళ్ళాయన స్టాపు. మార్కెట్. నీళ్ళ ట్యాంకు. చివర మలుపు. ఎక్కడా టకటక లేదు, ఈల లేదు. ఆరు వారాల్లో పళ్ళు నోటికి బాగా అలవాటయ్యాయి.

బాబాయ్ చెప్పడం ఆపి, అయిందా అన్నట్టు చూశాడు. పళ్ళాయన కళ్ళు తెరవలేదు.

"తిరుగు ట్రిప్పు కూడా చెప్పండి."

చివర మలుపు అన్నాడు బాబాయ్. నీళ్ళ ట్యాంకు, మార్కెట్. పళ్ళాయన స్టాపు అనబోయిన చోట ఆయన పై సెట్టు చిన్నగా టక్కుమంది. పళ్ళాయన విన్నాడు. సాన యంత్రం అందుకోలేదు, అలాగే కళ్ళు మూసుకుని, తరువాతి స్టాపు కోసం కూర్చున్నాడు.